నడవలేనివాళ్ల పేర్లు రాసిన అధికారి

అయ్యలారా, అమ్మలారా! ఎండను లెక్కచేయక ఆత్మకూరు నుంచీ, కడప నుంచీ వచ్చారు. మన ఓబులేసు గారు పోయిన గురువారం గుండెపోటుతో వెళ్లిపోయారు. ఈ మాట పలకడానికి నా నోరు ఇంకా ఒప్పుకోవడం లేదు.

నేను విశ్వాసమ్మను, ఈ నందికొట్కూరు మిషను బడి టీచరును. పందొమ్మిది వందల యాభై రెండు కరువులో మా బడి ఆవరణలోనే గంజి కేంద్రం నడిచింది. దానిమీద అధికారి ఆయన. కోపిష్టి మనిషి. నేను గంజి పోసే గరిటె శుభ్రంగా లేదని మొదటిరోజే నన్ను అందరి ముందూ కసిరారు. అవును, నాకు ఏడుపొచ్చింది!

అప్పట్లో ఒక నిబంధన ఉండేది. గంజి తాగేవాళ్లు స్వయంగా రావాలి, అక్కడే తాగాలి. ఒకనాడు పక్క పేట నుంచి వచ్చే జీవమ్మ సగం గంజిని కొంగుచాటున దాచుకుపోతూ గుమాస్తాకు దొరికింది. అతడు జాబితాలో ఆమె పేరు కొట్టేశాడు. ఓబులేసు గారు పిలిచి అడిగితే, జీవమ్మ ఏమందో తెలుసా? "మా అత్త మంచం మింద నుంచి లేయలేదు సారూ. నేనొక్కదాన్నే తాగి, ఏ మొగం పెట్టుకొని ఇంటికి పోయేది?"

ఆయన ఆమె వెంట వాళ్ల పేటకు నడిచారు. ఆ ముసలమ్మను చూశారు. అంతటితో ఆగారా? లేదు. ప్రతి గుడిసెలోకీ వంగి చూశారు. నడవలేనివాళ్లు ముప్పై ఒక్కమంది! అందరి పేర్లూ తన చేత్తోనే రాశారు. మర్నాటి నుంచి గంజి కుండలు ఇళ్లకే వెళ్లాయి.

పైనుంచి సంజాయిషీ అడిగారు. "నడవలేనివాడికి ఆకలి ఉండదని నిబంధనలో లేదు. తప్పయితే నాదే," అని రాశారు. ఆయనకు బదిలీ అయింది. కానీ అయ్యలారా, కుండలు ఆగలేదు. తాలూకాలోని మిగతా కేంద్రాలూ అదే దారి పట్టాయి. జీవమ్మ అత్త మరో మూడేళ్లు బతికి, మనవరాలిని ఎత్తుకుంది.

తర్వాత కడప వైపు పిల్లలకు పాలపొడి పంచే పని చేశారు. జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో ఆ పాలు తాగిన పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే, తల్లులు పొడిని పారబోశారు. కిందివాళ్లు నివేదికలో 'తల్లుల అజ్ఞానం' అని రాశారు. ఈయన వెళ్లి ఆ తల్లులనే అడిగారు. అదిగో, ముందు వరుసలో కూర్చున్న పెద్దక్క చెప్పిన జవాబు ఇది: "పొడి ఇచ్చినారు, శానా సంతోషం. నీళ్లు కాంచేదానికి కట్టెలు యాడుండాయప్పా?"

ఆయన 'అజ్ఞానం' కొట్టేశారు. 'కట్టెలు లేవు' అని రాశారు. ఆ నెలలోనే బడి దగ్గర పొయ్యి వెలిగింది. కాచిన నీళ్లతో అక్కడే పాలు కలిపి పోశారు. ఆ పిల్లలు ఇప్పుడు బడికి పరుగెత్తుకుంటూ వెళ్తున్నారట!

ఇంకెవరు అడుగుతారు మనల్ని అలా? నేనంటాను, మనమే అడుగుదాం. ప్రతి ఇంట్లోకీ మనమే వంగి చూద్దాం. ఆయన జీతం తీసుకుని చేసిన పనే అది. మనకు చేతకాదా?

ఇక అందరూ లేచి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడండి. చంటిబిడ్డల తల్లులు మాత్రం కూర్చునే ఉండండి. బిడ్డలు ఏడిస్తే పాలివ్వండి తల్లీ, నోరు మూయించకండి.