ముందే ఆపి ఉంటే

కూతురు భానుశ్రీ పెళ్లి జనంలో కరోనా అంటుకుని మాణిక్యమ్మ భర్త పోయి నాలుగేళ్లు దాటింది. ఉయ్యూరు బస్సులో పక్కన కూర్చున్న మరిది ఆ మాటే ఎత్తాడు.

"కేసులు పెరుగుతున్నాయని తెలిసీ ప్రభుత్వం ఆలస్యం చేసింది వదినా."

"ముందే అన్నీ మూసేస్తే భానుశ్రీ పెళ్లి ఆగిపోయేది. అన్నీ నువ్వే దగ్గరుండి చూసుకున్నావు. ఊరుకునేవాడివా?"

"ఎందుకూరుకుంటాను? కలెక్టరాఫీసు ముందు కూర్చుని తిట్టేవాణ్ణి."

"మరి వాళ్లనేం అంటావు?"

"తిడితే పడాల్సింది వదినా. జనం తిడతారని జంకితే ఇక ప్రభుత్వమెందుకు? నేను తిడుతుంటే, నోర్ముయ్యరా అనడానికి అన్నయ్య ఉండేవాడు."

ఇన్నేళ్లూ తలరాత అని సరిపెట్టుకున్న మాణిక్యమ్మ, కిటికీలోంచి చెరుకు తోటలను చూసింది.

"ఆలస్యమే చేశారు," అంది చివరికి.