మెట్ల పక్కన గంధరాజం

(నర్సరీలో, పొద్దున. సెలూన్ నడిపే పెద్దాయన ఒక పూలకుండీ మోసుకొచ్చాడు. ఎదురుగా నర్సరీ ఆవిడ.)

"మెల్లగా దించు బాబాయ్, కుండీ పగిలేను."

"పగిలినా బాగుండు, పీడ పోయేది. అమ్మాయ్, మీ పిన్ని దీన్ని నీకు చూపించి రమ్మంది. మూడేళ్ళయింది, ఒక్క పువ్వు లేదు. గంధరాజం అన్నావు. గంధం సంగతి దేవుడెరుగు, గడ్డి వాసన కూడా రాదు."

"దీంతోపాటు ఇచ్చినవన్నీ పూశాయే! మందుల షాపు వాళ్ళదైతే వీధి చివరిదాకా గుబాళిస్తోంది. ఎండ తగులుతోందా?"

"షాపు మెట్ల పక్కనే. పొద్దుటెండ పడుతుంది."

"నీళ్ళు?"

"రోజూ. కస్టమర్ల తలకి కొట్టే సీసాతో ఆకులక్కూడా కొడతా. నా తల మీద ఇంత శ్రద్ధ పెట్టుంటే నాలుగు వెంట్రుకలైనా మిగిలేవి."

"ఎరువు?"

"షాపులో ఊడ్చిన జుట్టు. మంచిదని నువ్వేగా చెప్పావు!"

"గుప్పెడు వెయ్యమన్నా."

"గుప్పెడేలే. రోజుకో గుప్పెడు."

"అయ్యో బాబాయ్! ఆకు బలిస్తే మొగ్గ తగ్గుతుంది. అయినా అస్సలు రాకపోవడమేంటి? ఇలా వెలుతురులోకి తిప్పు."

"తిప్పడం దేనికిలే. నాకో సాయం చెయ్యి. మీ పిన్ని కుట్టిన బట్టలు ఎవరికో ఇచ్చేసి ఇటే వస్తానంది. ఆవిడతో, ఇది పూయని మొక్క, దీని జాతే అంత అని ఒక్క మాట చెప్పు చాలు."

"నా మొక్కని నేనే పనికిరాదనాలా?"

"మీ ఆయనకి ఏడాదంతా ఊరికే కటింగ్ చేస్తా."

"మా ఆయనకి రెండు చెవులూ కావాలి బాబాయ్."

"ఆ గుమాస్తా చెవి తెగిన సంగతి నీ దాకా వచ్చిందా?"

"ఊరంతా పాకింది. చిన్న గాటేనట కదా."

"చిన్నదే. చెవి ఆయనది, కేక మాత్రం నాది."

"ఆగాగు. ఇక్కడ కొమ్మ చివర చూడు. ఇక్కడా, ఇక్కడా. మొగ్గలు రాకపోవడం కాదు, వచ్చాయి. ఎవరో కోసేశారు."

"పక్షులేమో."

"కత్తెరతోనా?"

"మరి... మేక?"

"మేకైతే ఆకులు వదులుతుందా? ఏరి ఏరి మొగ్గలే పోయాయి. బాబాయ్?"

"ఏంటి?"

"నా మొహం చూసి చెప్పు."

"నువ్వు పోలీసుల్లో చేరాల్సిందమ్మా. సరే, చెప్తా. చెవి తెగిన వారమే ఆవిడ ఈ మొక్క కొంది. చెయ్యి వణుకుతోంది, షాపు మూసెయ్యండి అని రోజూ పోరు. విసుగొచ్చి, ఈ మొక్క తొలి పువ్వు పూసిన రోజే కత్తెర కింద పెడతా అన్నా. ఒట్టు కూడా వేశా. అప్పటికిది మోకాలెత్తు కూడా లేదు, ఎప్పటికి పూస్తుందిలే అని ధైర్యం. నెల తిరక్కుండా మొగ్గ!"

"కోసేశావా?"

"దొంగలా అటూ ఇటూ చూసి కోసేశా. నలభై ఏళ్ళు మనుషుల తలలు సవరించి, చివరికి మొగ్గ తల తీసిన వీరుణ్ణి. నవ్వకు. గడ్డాలు మానేశా, కత్తి ముట్టను. నలుగురు పాతవాళ్ళొస్తారు, కటింగ్ కంటే కబుర్లే ఎక్కువ. అది కూడా లేకపోతే నేనెవర్ని అమ్మాయ్? భయమేసింది. నిజంగా భయమేసింది."

"ఇవన్నీ నువ్వే కోశావా?"

"ఇంకెవరు కోస్తారు? అయినా ఎప్పుడో గానీ నా కంటపడేవి కావు."

"ఇదిగో, ఈ కోత వంకరగా ఉంది. రెండు మూడుసార్లు పట్టి కోసినట్టు."

"నాదే. సంతకంలా గుర్తుపట్టావు."

"మరి ఇది? ఒక్క కోత. గీత గీసినట్టు."

"ఇది... ఇది నాది కాదే! నేనింత తిన్నగా కోసి నాలుగేళ్ళయింది."

"నీవి ఆరో ఏడో ఉన్నాయి. ఇలాంటివి ఇరవై పైనే."

"ఎవడు వాడు? నా మొక్క మొగ్గలు కోసేది ఎవడు?"

"ఇక్కడేదో అంటుకుంది చూడు. నీలం దారం పోగు."

"దారమా?"

"బాబాయ్, మీ ఇంట్లో బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర..."

"ష్! గేటు చప్పుడు. ఆవిడే. నేనిక్కడ లేను."

"ఎరువు బస్తాల వెనక్కా? మోకాళ్ళు జాగ్రత్త! ... రా పిన్నీ, రా."

"ఆయనేరమ్మా?"

"ఇప్పుడే... చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు."

"మంచిదే అయింది. ఆయనొచ్చేలోపు ఒక్క మాట. ఈ మొక్క ఇక పూయదని, దీని జాతే అంతని ఆయనకి గట్టిగా చెప్పవా తల్లీ?"

"నువ్వూనా! షాపు మూసెయ్యమని పోరుపెట్టింది నువ్వేగా పిన్నీ?"

"నేనే. ఆయన ఒట్టేసిన వారమే, సెలవు రోజున చూశానమ్మా. మూసిన షాపులో ఖాళీ కుర్చీ వెనక నిలబడి, గాల్లో కత్తెర ఆడిస్తూ, లేని మనిషితో కబుర్లు చెబుతున్నారు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశా. అన్న మాట వెనక్కి తీసుకుందామంటే నాకూ మొండితనం అడ్డొచ్చింది. అప్పట్నుంచి మొగ్గల కాలమంతా ఆయన లేవకముందే లేచి కోస్తున్నా. ఇక నా నడుం వల్ల కాదు."

"ఒక్కటి మిగిలితే ఏమవుతుంది పిన్నీ?"

"నీకాయన సంగతి తెలీదమ్మా. ఒట్టు వేశారంటే ప్రాణం పోయినా తప్పరు. ఒక్క మొగ్గ కంటపడిందా, విచ్చుకునేదాకా పక్కనే కూర్చుని మరీ కత్తెర కింద పెట్టేస్తారు."