వంతెన కింద నిలబడనోడు

మద్దిలేటి అని ఒక మేస్త్రి ఉండె. మీరు చూసింది ఎమ్మెల్యే అయినాక గదా, నేను అంతకు ముందర నుంచి చెప్తా. మా పక్క ఒక కట్టుబాటుందనుకో. కప్పు పోసినాక సెంట్రింగు చెక్కలు ఊడదీసేటప్పుడు కట్టినోడు దాని కిందనే నిలబడాల. బడి కప్పుకు మద్దిలేటి నిలబడినాడు, అదీ రెండేండ్ల కూతురిని చంకనేసుకుని నిలబడినాడంట. గోరంత పెచ్చు రాలలేదు. వీని మాట కూడా ఈ కప్పు మాదిరే ఉంటాదిలే అని జనం ఓట్లేసినారు. ఒకసారి గాదు, మూడుసార్లు.

మొదటిసారి గెలిచినప్పుడు సైకిలు మీదనే తిరిగె. రెండోసారికి కారు. మూడోసారికి ఆయన కండ్లబడాలంటే ముందు బామ్మర్దిని చూడాల. అప్పుడేమైందంటే, మా వంక మీద వంతెన మంజూరైంది. మా ఊరి సుంకమ్మవ్వ కోడలు కానుపు నొప్పులతో ఆ వంక గట్టునే, నీళ్లు తగ్గేదాకా ఎదురుచూసి, కడుపులో బిడ్డతో సహా పోయింది. అందుకే వంతెన వస్తాదంటే ఆ ముసలామె కనబడినోళ్లకంతా చెప్పుకునేది. ఈయనేం చేసినాడు, పని బామ్మర్దికి ఇప్పించినాడు. పిల్లరుకు పదారు కడ్డీలని కాగితం, వేసింది తొమ్మిది. ఆరు పిల్లర్లు, మీరే లెక్కేసుకోండి, నలభై రెండు కడ్డీలు. అవన్నీ యాడున్నాయంటే ఆయన కొత్త మేడలో ఉన్నాయి.

ప్రారంభం రోజుకు పనోళ్లు ఆఖరి అంకణం, అంటే చివరి రెండు పిల్లర్ల నడుమ కప్పు, దాని చెక్కలు ఊడదీయకుండా ఉంచినారు. ఆయన కింద నిలబడతాడో లేదో చూద్దామని కావాలనే ఉంచినారంటారు. పైన పూలదండలు, కింద మోకాటి లోతు నీళ్లు. సుంకమ్మవ్వ పోయి ఆయన చెయ్యి పట్టుకునింది.

"మద్దిలేటీ, కింద నిలబడు నాయనా. నువ్వు నిలబడితే పైన మొదట నేను నడుస్తా."

ఆయన తలెత్తి చూసినాడు. ఎంతైనా మేస్త్రి కన్ను గదా. మొగం తుడుచుకుని, మీటింగుకు పొద్దుపోతాందని కారెక్కినాడంట. సుంకమ్మవ్వ చీర ఎగ్గట్టి వంకలోకి దిగింది. ఆమె ఎనక ఊరంతా దిగింది. వంతెన మీద కాలు పెట్టినోడు లేడు. ఆ సంగతి పేపర్లో పడె, ఆఫీసర్లు వచ్చి పిల్లర్లు తొలిచి చూసిరి, పదవి పాయ, జైలాయ.

మూడేండ్లకు విడుదలై, ఒక పొద్దున నడుచుకుంటా వచ్చి, ఆ వంతెన కింద నిలబడినాడు. అవ్వ నీళ్లలో దాటతా ఉంది. "ఇప్పుడు నిలబడినా గదవ్వా, పైన నడువు" అన్యాడు.

"నిలబడాల్సింది ఇప్పుడు గాదు నాయనా, కడ్డీలు కట్టేటప్పుడు" అనేసి ఆమె దారిన ఆమె పాయ.

చెడ్డోడని నేను చెప్పనబ్బా. బడి కప్పు ఈ పొద్దుకీ ఒక్క చుక్క కారదు. వంక మాత్రం మేమింకా నీళ్లు చూసుకునే దిగతాండాం.