అరవై కిలోమీటర్ల వృత్తం

ఊళ్లో ఉన్న రెండు డయాలసిస్ సెంటర్లనీ ఒకే కంపెనీ కొనేస్తోంది. ఇంకా పోటీ మిగులుతుందని, కొనుగోలుకి అనుమతివ్వాల్సిన కాంపిటీషన్ కమిషన్‌కి ఆ కంపెనీ తరఫున రిపోర్టివ్వాలి. ఊరి చుట్టూ వృత్తం గీసిన మ్యాపు ముందు సలహా సంస్థ బాసు, రిపోర్టు రాస్తున్న అమ్మాయి.

"ఈ వృత్తాన్ని అరవై కిలోమీటర్లకి పెంచమ్మా. పక్క ఊరి సెంటరు కూడా లోపలికొస్తుంది. పోటీ ఉన్నట్టే."

"పెంచను సార్. నిన్న బస్సులో వెళ్లొచ్చాను. పోనూ రానూ ఐదు గంటలు. పేషంట్లు వారానికి మూడుసార్లు వెళ్లాలి."

"మనకి ఫీజిచ్చేది పేషంట్లు కాదు."

"సంతకం మాత్రం నాది సార్."

"రేపు పదింటికి ఇక్కడే విచారణ. కమిషన్ అడిగితే ఆ ఊరు దగ్గరేనని చెప్పు, చాలు."

"అలాగే సార్. పొద్దున్నే ఆ ఊరెళ్లి, పదింటికి అక్కడ బస్సెక్కుతాను. దగ్గరేగా, నేనొచ్చేదాకా కమిషన్ వాళ్లని కూర్చోమనండి."