మేస్త్రీ ఏరిన కత్తి

అరవై మూడులో, నెల్లూరులో ఒక అచ్చాఫీసు. కాగితం కోసే మిషను దగ్గర మేస్త్రీ, యజమాని ఇద్దరే ఉన్నారు.

"కొత్త కత్తి బిగించినావా మేస్త్రీ?"

"మదరాసులో నేను ఏరిన కత్తేనా అయ్యా ఇది?"

"అదే. అంగట్లో పది కత్తులు గోటితో మీటి, ఇదే ఖంగుమంటోందని నువ్వే గదా ఏరినావు."

"పైన గ్రీజు తుడిచినాను. బోల్టు రంధ్రంలో కుంకుమ ఉండాది."

"అంగడివాళ్ళు పూజ చేసుంటారు."

"ఏటేటా ఆయుధపూజకి నేను పెట్టిన కుంకుమ అయ్యా ఇది. పాత ఇనుములో వేస్తానని మీరు తీసుకుపోయిన కత్తి. కాగితం తెగక జారితే, పట్టుకోబోయి మన హజరత్తయ్య రెండు వేళ్ళు పోగొట్టుకున్న కత్తి."

"సాన పట్టించినాను. కొత్తదానికేం తీసిపోదు."

"ఇంక సానకి నిలవదనే గదా నన్ను మదరాసు పిలుచుకుపోయినారు?"

"వచ్చే నెల కొత్తది తెప్పిస్తాలే. వాడికి మాత్రం చెప్పొద్దు."

"నిన్ననే చెప్పినాను. కొత్త కత్తి, నేనే ఏరినాను, భయం లేదు పనిలోకి రమ్మని నా బిడ్డ తలమీద చెయ్యిపెట్టి ఒట్టేసినాను."

"ఈ పొద్దే వస్తాడా?"

"అదిగో అయ్యా, నా ఒట్టు నమ్మి వస్తా ఉండాడు."