పిడి వెనక గీతలు

నా పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు పై కాగితంలో రాసి ఉన్నాయి. అవి సరైనవే. వయసు యాభై ఎనిమిది. అద్దె కారు నడుపుతాను. కారు నా సొంతం. నా మీద ఇంతకుముందు ఏ కేసూ లేదు.

గాయపడిన మనిషి నాకు శత్రువు కాదు. పెట్రోలు బంకు పక్కన కార్లకు పాలిష్ పెట్టే షెడ్డు అతనిది. అందరూ అతన్ని అద్దం అంటారు. అతను రుద్దిన కారులో చూసుకుని గడ్డం గీసుకోవచ్చని చెప్పుకుంటారు. నన్ను బాబాయ్ అని పిలుస్తాడు. మాకు చుట్టరికం లేదు, అది బంకు దగ్గర అయిన అలవాటు.

నా భార్య పోయి తొమ్మిది నెలలైంది. కేసుతో సంబంధం ఉంది కాబట్టి చెబుతున్నాను. ఆమె ఎప్పుడూ ముందు, నా పక్క సీట్లో కూర్చునేది. కారు తలుపు పిడి వెనక వేళ్లు పట్టేంత గుంట ఉంటుంది. తలుపు లాగినప్పుడు గోళ్లు అక్కడ తగులుతాయి. ఏ కారుకైనా అక్కడ గీతలు పడతాయి. మా కారుకు ఎక్కువ పడ్డాయి. చివరి నెలల్లో ఆసుపత్రికి తిప్పేటప్పుడు ఆమె చేతుల్లో బలం లేదు. తలుపు ఒక్క లాగుకు వచ్చేది కాదు. రెండు మూడుసార్లు లాగేది. నేను దిగబోతే, "నువ్వు కూర్చో, నా చేతులేం పడిపోలేదు. కొత్త పెళ్లికూతురికి తీసినట్టు తలుపులు తియ్యకు, నలుగురూ నవ్వుతారు" అనేది. నేను కూర్చునేవాణ్ణి. గోళ్లు తగిలే చప్పుడు లోపలికి వినబడేది.

ఈ వేసవిలో కారు కప్పు మీద రంగు పై పొర ఎండకు పొట్టు లేచింది. అక్కడి నుంచి ఆ తలుపు మీదికి దిగింది. పిడి దాకా వస్తుందని భయం వేసింది. సోమవారం పొద్దున పది గంటలకు కారును అద్దం షెడ్డుకు తీసుకెళ్లాను.

రెండు పనులుంటాయని అతను చెప్పాడు. ఒకటి రబ్బింగ్. పై పొరను సన్నగా అరగదీసి, గీత ఎంత లోతుందో అంతవరకూ చదును చేస్తారు. ఇక గీత ఉండదు. రెండోది కోటింగ్. ఉన్నదాన్ని ఉన్నట్టు మూసిపెడుతుంది. ముందు రబ్బింగ్ చేసి తర్వాతే కోటింగ్ వెయ్యాలన్నాడు.

"రబ్బింగ్ వద్దు. ఉన్నదాని మీదే కోటింగ్ వెయ్యి" అన్నాను.

"అదేంటి బాబాయ్? స్నానం చెయ్యకుండా సెంటు కొట్టుకున్నట్టు ఉంటుంది."

"ఉండనీ."

"తర్వాత తీద్దామనుకున్నా సులువు కాదు. గీతలు లోపలే ఉండిపోతాయి."

"ఉండిపోనీ."

షెడ్డులో గుడ్డలు ఉతుకుతున్న వాళ్లమ్మ, "ఆయన బండి, ఆయన ఇష్టం. మధ్యలో నీ సొదేంట్రా" అంది. అద్దం నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి, "డబ్బులకి చూసుకుంటున్నావా?" అని అడిగాడు.

అవునన్నాను. ఈ మొత్తంలో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. ఆ గుంటలో ఉన్నవి ఎవరి గోళ్లో, ఆ బకెట్ల మధ్య నిలబడి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఆ తలుపు అతనికి చూపించను కూడా లేదు.

బుధవారం సాయంత్రం నాలుగున్నరకు వెళ్లాను. కారు షెడ్డు ముందు ఉంది. కొత్తదానిలా ఉంది. అతను పని బాగా చేశాడు. ఇది రాసుకోండి. అతని పనిలో లోపం లేదు.

"మొత్తం రబ్బింగ్ చేసేశాను బాబాయ్. నువ్వు కోటింగ్‌కి ఒప్పుకున్నది ఇవ్వు చాలు. గీతలతో బండి నా షెడ్డు దాటితే నాకు ముద్ద దిగదు" అన్నాడు.

నా పక్క సీటు తలుపు సగం తెరిచి, గొంతుక్కూర్చుని, పిడి వెనక వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ మిషను పట్టదు. వేలికి గుడ్డ చుట్టుకుని పొద్దున్నంతా రుద్దాను. ఎవరో గాని పిల్లిలా గీకి పెట్టారు. ఇప్పుడు చూడు."

చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. తీసి మళ్లీ పెట్టాను. ఏమీ లేదు. గోరుతో వెతికాను. నున్నగా ఉంది.

"ఏమయ్యాయి?" అని అడిగాను.

"ఏవి?"

"గీతలు."

"ఏమవుతాయి బాబాయ్, పొడి అయిపోయి గుడ్డకు అంటుకున్నాయి. గుడ్డ అమ్మ ఉతికేసింది." నవ్వాడు. "అంత బెంగగా ఉంటే పిన్నిని ఎక్కించుకుని తిప్పు. ఇద్దరూ పోట్లాడుకుంటూ నాలుగుసార్లు ఎక్కి దిగితే మళ్లీ వస్తాయి."

ఆమె పోయిన సంగతి అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

అప్పుడు అతని ఎడమ చెయ్యి తలుపు సందులో, చట్రం అంచు మీద ఉంది. లేవడానికి పట్టుకున్నాడు. నేను తలుపు వేశాను.

చెయ్యి చూశావా అని మీరు అడిగారు. చూశాను. నా బావమరిది నిన్న ఇక్కడికి నన్ను చూడ్డానికి వచ్చి, "బావా, చూడలేదని ఒక్క మాట అను. అక్క ఉన్నా అదే చెప్పేది" అన్నాడు. చూశాను. నాలుగు వేళ్లు కనబడుతున్నాయి. గోళ్ల సందుల్లో తెల్లటి పాలిష్ ముద్ద ఎండి ఉంది. అది కూడా చూశాను. చూసి తలుపు వేశాను.

వెంటనే తియ్యబోయాను. కోటింగ్ వల్ల పిడి జారింది. మొదటి లాగుకు రాలేదు. అతను అరుస్తున్నాడు. రెండో లాగుకూ రాలేదు. మూడోసారికి తెరుచుకుంది.

నా కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. వెనక సీట్లో వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు. దారిలో అతను ఒక్కటే అడిగాడు. "ఎందుకు బాబాయ్?" అని రెండుసార్లు అడిగాడు. నేను రోడ్డు చూస్తూ నడిపాను.

రెండు వేళ్లు తీసేశారు. అతనిది ఎడమచేతి వాటమని అక్కడ వాళ్లమ్మ చెబితే తెలిసింది. ఆమె నన్ను తిట్టలేదు. వరండాలో నా పక్కనే కూర్చుంది. అప్పుడు ఆమెకు చెప్పాను. ఆ గీతల సంగతి నేను నోరు తెరిచి చెప్పిన మొదటి మనిషి ఆమే.

"ఈ మాట సోమవారం చెప్పి ఉంటే వాడు ఆ తలుపు మీద ఈగను కూడా వాలనిచ్చేవాడు కాదు కదయ్యా" అంది.

అవునన్నాను.

"ఆ గుడ్డ ఉతికింది నేనే" అంది.

అక్కడి నుంచి నేనే మీ దగ్గరికి వచ్చాను. ఎవరూ పట్టుకురాలేదు.

మీ ఆవిడ ఫొటోలు లేవా, ఆ గీతలు దేనికి అని అడిగారు. ఫొటోలు ఉన్నాయి. వాటిలో ఎవరో నిలబడమంటే బిగుసుకుని నిలబడి ఉంటుంది. నేను పక్కన ఉండగా ఆమె తనంతట తాను చేసిన పని అదొక్కటే మిగిలింది. ఇంతకంటే నాకు చెప్పడం రాదు.

కారు మీ ఆవరణలో ఉంది. ఎండకు రంగు పోతుంది, పట్టా కప్పమంటావా అని కానిస్టేబుల్ గారు అడిగారు. అక్కర్లేదన్నాను.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట "పొరపాటున తలుపు వేశాను" అని ఉంది. నేను ఆ మాట అనలేదు. "పొరపాటున" అన్నది నా ఎదురుగా కొట్టేయించి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. తక్కినదంతా నేను చెప్పినట్టే ఉంది, జరిగింది ఇదే. నా చేత ఎవరూ బలవంతాన చెప్పించలేదు.

(సంతకం)