నడపకు, చూసి చెప్పు

సిద్దిపేటలో, విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు స్వరాజ్యలక్ష్మి ఇల్లు. ఆమె చెల్లెలి కొడుకు సందీప్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు.

"పోయిందని నేను అనలే పెద్దమ్మా. కనవడ్తలేదన్న."

"కనవడకపోవుడు వేరే, లేకపోవుడు వేరే. మనం రికార్డు చేసిన కొండవ్వ గొంతు ఈ డబ్బల ఉన్నదా, లేదా?"

"ముక్కలున్నయి. వింటే గుయ్యిమంటున్నయి."

"పెద్ద ఫైలు?"

"తీసేసినవాటిని తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ వేసి చూసిన. దొరకలే. డిస్కుల దాని జాగల ఈ ముక్కలే కూసున్నయి."

"ఆమె నీరటి, సందీప్. చెరువు నీళ్లు మడిమడికి వదిలిన మనిషి. తూము ఎత్తంగనే నీళ్లు మొదలు ఏ మడికి పోతయి, అది నిండినంక ఏ మడికి పోతయి, పేరుపేరున చెప్పింది. ఆఖరి పొలం దాంక వరుస తప్పలేదు. ఆ ఊరు ఇప్పుడు రిజర్వాయర్ అడుగున ఉన్నది. ఆ వరుస ఇంకెవ్వరికీ రాదు."

"ఎరుకే. అందుకే గదా, మడికొక ముక్క చేద్దామని ప్రోగ్రాం రాసిన. కోసినంక పెద్ద ఫైలు తీసెయ్యాలని గూడ అండ్లనే రాసిన."

"రాసినవు. నడపమని నేను చెప్పిన్నా?"

"నడపలే పెద్దమ్మా, ఒట్టు. రాసుడు ఇంక సగమే అయింది. కమాండ్ల ఒక ఆప్షన్ ఉంటది. అది పెడితే కంప్యూటర్ ప్రోగ్రాంను నడపదు, తప్పులున్నయా అని చూసి చెప్తది, గంతే. రోజూ గట్లనే చేస్త."

"మరి ఇయ్యాల?"

"ఇయ్యాల... రన్‌టైమ్ మార్చిన."

"నాకు తెలిసే మాటల్ల చెప్పు."

"ప్రోగ్రాం రాసే భాష ఒకటే, దాన్ని నడిపేటియి రెండు మూడుంటయి. పాతది మెల్లగుందని కొత్తది వేసిన. పాత ప్రోగ్రాములన్నీ ఉన్నవి ఉన్నట్టే నడుస్తయన్నరు. నడుస్తున్నయి గూడ."

"ఆప్షన్?"

"అది దీన్ల లేదట."

"లేకపోతే లేదని చెప్పాలె. తెల్వని ఆజ్ఞ వింటే ఆగాలె. మా కాలేజీ బంట్రోతు గూడ ఏమన్నరు మేడం అని అడిగేటోడు."

"అడగలే. ఆప్షన్‌ను వదిలేసి ప్రోగ్రాంను నడిపింది."

"అంటే 'నడపకు, చూసి చెప్పు' అంటే పాతదానికి అర్థమైంది. కొత్తదానికి అర్థం కాలే. అర్థం కానందుకు నడిపింది."

"గట్లనే."

"ఒక్క భాషను నమ్ముకున్నోళ్లు, నాలుగు ఆజ్ఞలకు గుర్తులు ఒక్కతీరుగ పెట్టుకోలేకపోయిన్రా? ఎవలింటి గుర్తు వాళ్లదేనా?"

"చానమంది అడుగుతున్నరు పెద్దమ్మా, అన్నిట్ల ఒకటే ఉండాలని. ఎవలు వింటరు?"

"సరే. విడిగ ఒక కాపీ పెట్టుమన్న నేను. ఊఁ అన్నవు."

"అన్న."

"పెట్టినవా?"

"అప్పుడు ఫోన్ చూస్తున్న. నువ్వేమన్నవో వినకముందే... ఊఁ అన్న."

"అయితే దాన్ని తిట్టి లాభం లేదు. నువ్వూ అదే కంపెనీ."

"తప్పయింది. నా మాట విను, తొగుట ఎంత దూరం? బండి తీస్త. కొండవ్వ దగ్గర కూసొని మళ్ల మొదటినుంచి చెప్పిచ్చుకుందాం. ఈసారి రెండు ఫోన్లల్ల రికార్డు చేస్త."

"తొగుట పోవుడెందుకు? ఆమెనే వచ్చింది. మనుమరాలు ఆటోల తీసుకొచ్చింది."

"వచ్చిందా? గింతసేపు చెప్పకపోతివి. లోపలికి పిలువు పెద్దమ్మా, ఇప్పుడే మొదలు వెడ్త. మైకు యాడున్నది?"

"మైకు పెట్టకు."

"ఎందుకు?"

"పక్షవాతమొచ్చి పోయిన నెల ఆమె మాట పడిపోయింది. చెవులు మంచిగనే వినవడ్తయి. తన గొంతుల తన ఊరిని ఒక్కసారి వింటనని సైగ చేస్తే తీసుకొచ్చిన్రు. అరుగు మీద కూసున్నది, పోయి చెప్పు."